లోపలి గొట్టం

నాకు ముక్కు మీదే కోపం. ఇలా చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, మా వీధిలో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. కార్లలో ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగి, ట్యాంకులోంచి పెట్రోలు తోసే పంపులు పరీక్షించే షెడ్డు నాది. బల్ల మీద వరసగా ప్రెషర్ గేజీలుంటాయి, వాటి వెనక నేనుంటాను. అందుకని మెకానిక్కులంతా నన్ను ప్రెషరక్క అంటారు, అదీ నేను వినని చోట. మొహం మీద అనే ధైర్యం ఒక్క మా మరదలికే ఉండేది. తను పోయి అయిదు నెలలయింది.

మరదలంటే మా తమ్ముడి భార్య. వాడు చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలిపేవాడు కాదు, అందరూ తూనీగ అనేవాళ్ళు, ఇప్పటికీ అదే పేరు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి నా షెడ్డుకి నాలుగు సందుల అవతల గ్యారేజీ నడిపేవాళ్ళు. మామూలు కారు తీసుకుని, దానికి పెద్ద టర్బో బిగించి, ఇంజన్లోకి గాలి మామూలుకంటే ఎక్కువ తోయించి, ఆ గాలికి సరిపడా పెట్రోలు అందించి పరుగెత్తించడం వాళ్ళ పని. పని తెలిసినవాళ్ళే, కాదనను. సొంత కారుకీ అదే చేసుకున్నారు.

ఆ కారులోనే పోయింది. పట్టపగలు, రెండే వరసలున్న రోడ్డు మీద, తమ్ముడు ఒక లారీని దాటబోయాడు. సగం దాటాడో లేదో కారు నీరసపడిపోయింది. ఎదుటినుంచి బస్సు వస్తోంది. తప్పించుకుందామని లారీ ముందుకి తిప్పాడు. లారీ వచ్చి మరదలు కూర్చున్న వైపు తలుపు మీద పడింది. వాడికి తొడ ఎముక విరిగింది. తనకి ఆసుపత్రి దాకా వెళ్ళే అవసరం కూడా లేకపోయింది.

పోలీసుల తరఫు ఇంజనీరు వచ్చి కారు స్టార్ట్ చేశాడు. ఇంజనూ ట్యాంకూ చెక్కుచెదరలేదు కదా, చక్కగా స్టార్టయింది. గేజీ పెట్టి చూశాడు, పెట్రోలు ప్రెషరు ఉండాల్సినట్టే సరిగ్గా మూడుంది. "ఇంధన వ్యవస్థలో లోపం లేదు, డ్రైవరు దుడుకుతనమే కారణం" అని రాసి చక్కా పోయాడు. నిలబడ్డ కారులో మూడు చూపిస్తే చాలట! నా షెడ్డులో ఎవరైనా అలాంటి పరీక్ష చేసుంటే వీపు విమానం మోత మోగించేదాన్ని.

ఆ కాగితం చదివిన రోజునుంచి వాడి కూతురు వాడితో మాట్లాడలేదు.

పదహారేళ్ళది. ఇంట్లో గువ్వ అని పిలుస్తాం. తండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా దగ్గరికి తెచ్చుకున్నాను, వాడు కర్రలు పట్టుకుని ఇంటికొచ్చాక కూడా వెళ్ళలేదు. వాడు నా గుమ్మం ఎక్కితే లేచి లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకునేది. అన్నం సగంలో ఉన్నా సరే. నేను అరిచి చూశాను, బతిమాలి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒక్కసారి మాత్రం అంది, "సరదా కోసం తొక్కాడత్తా. ఎప్పుడూ అంతే కదా. ఈసారి అమ్మ పక్కనుంది" అని. ఏం చెప్పను? వాడికి వేగమంటే పిచ్చి అని దానికి చెప్పి నవ్వించినదాన్ని నేనే.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ అయిదు నెలలూ దానికి జడ వేశాను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. పెళ్ళీ పెటాకులూ లేని మొండిదాన్ని, నాకెవరు ఉన్నారు? సాయంత్రం నాలుగింటికి గేటు చప్పుడైతే ప్రాణం లేచొచ్చేది. అది వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాలని కోరుకున్నాను, వెళ్ళకపోతే బావుండుననీ కోరుకున్నాను. రెండూ నిజమే.

పోలీసులు కారు వదిలేశాక తమ్ముడు దాన్ని లాగించుకుని నా షెడ్డుకి తెచ్చాడు. బల్ల మీద కూర్చుని కర్రలు పక్కన పెట్టాడు.

"అక్కా, కేసు ఎటు పోతే అటు పోనీ. జైలంటే జైలు. గువ్వకి మాత్రం తెలియాలి. నా కాలు కిందికంటా తొక్కే ఉంది. కారే ఊపిరి వదిలేసింది. నువ్వు నిరూపించు. నువ్వు చెబితే అది నమ్ముతుంది."

"నేను ఉన్నదే చెబుతాను. నీ తప్పయితే నీ తప్పే అంటాను."

"అందుకే కదా నీ దగ్గరికి తెచ్చింది," అన్నాడు.

మర్నాడు గువ్వ కాలేజీకి వెళ్ళగానే పని మొదలుపెట్టాం. ముందు ప్లగ్గులు విప్పాను. మూడు మామూలుగానే ఉన్నాయి. నాలుగోది, పెట్రోలు ఆఖరున అందేది, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గాలి నిండుగా వచ్చి పెట్రోలు చాలకపోతే ప్లగ్గు అలా కాలుతుంది. తమ్ముడు చెయ్యి చాచి దాన్ని తీసుకున్నాడు, ఎంతసేపటికీ తిరిగి ఇవ్వడే!

"చూశావా అక్కా, చూశావా!"

"నోరు మూసుకో. ఒక్క ప్లగ్గు చూసి చిందులెయ్యకు. పెట్రోలు ఎక్కడ ఆగిందో తేలాలి."

ఒక్కోటీ చూసుకుంటూ వెళ్ళాలి, రెండు మార్పులు ఒకేసారి చెయ్యకూడదు. నా షెడ్డులో అది చట్టం. పంపుకి కరెంటు సరిగ్గా అందుతోందా? బ్యాటరీ దగ్గరెంతో పంపు దగ్గరా దాదాపు అంతే. ఫిల్టరు కోసి చూశాను, శుభ్రంగా ఉంది. కొత్త ఫిల్టరూ కొత్త ప్లగ్గులూ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి గేజీ పెట్టాను. మూడు. ఆ ఇంజనీరు చూసిన మూడే.

అప్పుడు అతను చెయ్యని పని చేశాను. టర్బో గాలి తోస్తున్నప్పుడు ఎంత గాలి పెరిగితే పెట్రోలు ప్రెషరు కూడా అంతే పెరగాలి, దానికో రెగ్యులేటరు ఉంటుంది. కారు పరుగెత్తే స్థితిలో లేదు కాబట్టి, ఆ రెగ్యులేటరుకి చేతిపంపుతో నేనే గాలి కొట్టాను. మూడు కాస్తా నాలుగున్నర అవ్వాలి. మూడుంపావు, మూడున్నర. ముల్లు అక్కడే వణికి, మళ్ళీ మూడుకి జారింది. ఇంకా కొట్టాను. లేవలేదు. రెగ్యులేటరు మార్చి నాది పెట్టి కొట్టాను. అయినా అంతే.

తమ్ముడు ఏడుస్తున్నాడు. నలభై ఏళ్ళు దాటినవాడు బల్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకు కోపం రాలేదు. చాలా రోజుల తర్వాత నాకూ గుండె తేలికపడింది. వాడు అబద్ధమాడలేదు. గాలి పెరిగినప్పుడల్లా ఈ కారు పెట్రోలు అందక చచ్చిపోతోంది.

"ఇంక ట్యాంకే, పంపుండేది అందులోనే," అన్నాను. "బయట ఎక్కడా తడి లేదు. ఏం పోయినా లోపలే పోయుంటుంది."

వెనకసీటు ఎత్తాను. సీటు కింద ట్యాంకు మూత, దాని చుట్టూ ఆరు నట్లు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాన్న పెట్టింది. నట్టు ఎవరు బిగిస్తే వాళ్ళు, నట్టు మీంచి కింది రేకు మీదికి రంగుతో ఓ గీత గీయాలి. నట్టు కదిలితే గీత విరుగుతుంది. ఎవరి పనో రంగు చెబుతుంది, తప్పించుకోవడానికి ఉండదు. నాది తెలుపు, తమ్ముడిది ఎరుపు. మరదలు వచ్చాక నీలం తీసుకుంది. రంగు పెన్ను ఎప్పుడూ ఎండబెట్టుకునేది, అందుకని గోళ్ళరంగుతో గీసేది. "ఇదేం సోకు" అని తిడితే, "వదినా, నీ పెన్నుకంటే ఇదే గట్టిది, పెట్రోలు పడ్డా పోదు" అనేది.

నిజంగానే పోలేదు. ఆరు నట్ల మీదా నీలం గీతలు, ఒక్కటీ విరగలేదు. తను మూసిన తర్వాత ఆ మూత ఎవరూ తియ్యలేదు.

నా వెనక కర్రల చప్పుడయింది. తమ్ముడు లేచి వచ్చి చూశాడు.

"ఆగక్కా," అన్నాడు.

"ఏం?"

"పంపు మార్చింది గువ్వ వాళ్ళమ్మే. ప్రమాదానికి మూడు వారాల ముందు. నేను ఊళ్ళో లేను. నాకు ఇప్పుడు గుర్తొస్తోంది." వాడు మూత మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "తియ్యకక్కా. ఇంక వద్దు. దుడుకుతనమనే ఉండనీ."

"అయిదు నెలలు నా ప్రాణం తీసి ఇప్పుడు వద్దంటావా?" అని స్పానరు వేశాను. చెప్పాను కదా, నా కోపం. ఆపితే ఆగేదాన్నయితే ఈ కథే ఉండేది కాదు.

పంపు పైకి తీశాను. పంపు నుంచి మూతకి జానెడు రబ్బరు గొట్టం. వేలితో నొక్కితే ఉడికిన వంకాయలా మెత్తగా ఉంది. ఉబ్బిపోయింది. క్లిప్పు కింద నిలువునా చీలింది. ప్రెషరు తక్కువున్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటుంది. గాలి కొట్టగానే తెరుచుకుంటుంది, పెట్రోలంతా తిరిగి ట్యాంకులోనే పడుతుంది. బయటికి చుక్క కనపడదు.

గొట్టాలు రెండు రకాలు. పెట్రోలు లోపలనుంచి పారేవి ఒక రకం, పెట్రోల్లో మునిగి ఉండేవి ఇంకో రకం. మొదటి రకానికి లోపలి పొర మాత్రమే పెట్రోలుకి ఆగుతుంది. దాన్ని ట్యాంకులో ముంచితే పైపొర నాని, మెత్తబడి, కొన్ని వారాల్లో చీలిపోతుంది. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి. మీద అచ్చేసిన అక్షరాలే తేడా. ఇది మొదటి రకం.

"నేనే వేశానని చెబుదాం," అన్నాడు తమ్ముడు. అప్పటికే జేబులోంచి బ్లేడు తీసి మూత మీద నీలం గీతలు గీకుతున్నాడు. "పంపు నేను మార్చాను, గొట్టం నేను తప్పు వేశాను. పొగరుతో తొక్కి చంపాననుకోవడం కంటే పొరపాటు చేశాననుకోవడం నయం కదా. వాళ్ళమ్మ చేతులతో... అది దానికి తెలియకూడదక్కా. చచ్చినా తెలియకూడదు."

నా చూపు గొట్టం కోసిన అంచు మీద ఉంది. అంచు వెంబడి సన్నగా తెల్లటి గీత, సగానికి తెగి ఉంది.

నా షెడ్డు గోడకి మామూలు గొట్టం రీలు వేలాడుతుంటుంది. దాని మీద జానెడుకోసారి తెల్లగీత పెట్టి, ఆ గీత మీదే కోస్తాను. ఊళ్ళో ఇంకెవరూ అలా చెయ్యరు. ట్యాంకు లోపల వాడే రకం బీరువాలో ఉంటుంది, తాళం వేసి.

ఆ రోజంతా కళ్ళ ముందుకొచ్చింది.

నేను ఇంజెక్టర్ల బల్ల దగ్గరున్నాను. నాలుగు గాజు గొట్టాల్లోకి పడే పెట్రోలు కొలత చూస్తూ, వాచీ పట్టుకుని సెకన్లు లెక్కపెడుతున్నాను. మరదలు వచ్చింది. "వదినా, పంపు మారుస్తున్నా, జానెడు గొట్టం కావాలి" అంది. ఓ చేత్తో వాచీ పట్టుకునే రీలు లాగి కోసి, తన మీదికి విసిరాను. అది పట్టుకుని, తిప్పి చూసి, "ఇది మునిగి ఉన్నా ఫర్వాలేదా వదినా?" అని అడిగింది.

అడిగింది. నాకు వినపడింది. వినపడలేదని చెప్పుకోవడానికి ఈ క్షణం దాకా ప్రయత్నిస్తూనే ఉన్నాను, కుదరడం లేదు.

"పెట్రోలు గొట్టం పెట్రోలుకి పనికిరాక మంచినీళ్ళకి పనికొస్తుందా? నా లెక్క చెడగొట్టకు, పో!" అన్నాను.

"సరే ప్రెషరక్కా, చిత్తం!" అని నవ్వుకుంటూ వెళ్ళింది. అదే ఆఖరు, తను నా షెడ్డుకి రావడం.

తమ్ముడికి ఇదేమీ తెలియదు. వాడు వంగి ఎర్ర పెన్నుతో గీతలు పెడుతున్నాడు, ఒక్క చేత్తో కుదరక నాతో "మూత కాస్త పట్టుకో అక్కా" అన్నాడు. పట్టుకున్నాను. అది కూడా చెప్పాలి. ఊరంతటి మీదా అరిచే నోరు, అప్పుడు పెగల్లేదు. వాడు ఎత్తుకుంటానంటున్నాడు కదా, ఎత్తుకోనీ అనుకున్నాను. గువ్వ వాడిని సగం క్షమిస్తుంది, నా ఇంట్లోనే ఉంటుంది, సాయంత్రం నాలుగింటికి గేటు చప్పుడవుతుంది. ఛీ, నా బతుకు.

ఆ రోజు కాలేజీ తొందరగా వదిలారు. మేం తల ఎత్తేసరికి గువ్వ షెడ్డు గుమ్మంలో ఉంది. తండ్రిని చూసి వెనక్కి తిరగబోయింది.

"ఆగవే," అన్నాను. "మీ నాన్న చెప్పింది నిజం. కారే ఆగిపోయింది."

వచ్చింది. బల్ల మీదున్నవన్నీ చూపించాను, ప్లగ్గు, చీలిన గొట్టం. చేతిపంపు దాని చేతికే ఇచ్చి, ఆ గొట్టంలోకి గాలి కొట్టించి, చీలిక తెరుచుకోవడం చూపించాను. గొట్టం ట్యాంకులో ఉన్నప్పుడు గేజీ ముల్లు ఎక్కడ ఆగిందో చెప్పాను. మెకానిక్కుల పిల్ల, ఒక్కసారి చెబితే చాలు. గొట్టం చేతిలోకి తీసుకుని చీలికని వేళ్ళతో విప్పి చూసింది.

"నేనే వేశాను తల్లీ," అన్నాడు తమ్ముడు. "పొరపాటున తప్పు రకం వేశాను."

గువ్వ మూతని దగ్గరికి లాక్కుని ఆరు ఎర్ర గీతలూ చూసింది. మూడో నట్టు ఉండే చోట వేలు పెట్టింది.

"అబద్ధం," అంది.

అయిదు నెలల్లో తండ్రితో అది అన్న మొదటి మాట.

"ఇవి నీలం. అమ్మ పంపు మార్చినప్పుడు టార్చి పట్టుకుంది నేనే. ఈ ఒక్కటీ నాతో గీయించింది. వంకరగా వచ్చిందని నవ్వింది కూడా. ఇక్కడ చూడు, గీకిన చోటు ఇంకా వంకరగానే ఉంది." వేలు వెనక్కి తీసుకుంది. "అంటే అమ్మే వేసింది. నేను పక్కనే ఉన్నాను. మేమిద్దరమే కదా ఇది..."

"కాదు!" అని అరిచాడు వాడు. లేవబోయి కర్ర జారి బల్ల పట్టుకున్నాడు.

దాని మొహం చూశాక నాకింక దాక్కోవడానికి చోటు దొరకలేదు. గొట్టం అంచు తిప్పి తెల్లగీత చూపించాను.

"ఇది నా రీలుది. మీ అమ్మకి నేనిచ్చాను. మునిగి ఉన్నా ఫర్వాలేదా అని మీ అమ్మ నన్ను అడిగింది. సరైన ప్రశ్న అడిగింది. నేను పని తొందరలో ఉండి, కసిరి పంపేశాను. బీరువా నాలుగడుగుల దూరంలో ఉంది, లేవలేదు. మీ అమ్మ తప్పు లేదు, నీది లేదు, మీ నాన్నది లేదు."

తమ్ముడు నన్ను చూస్తున్నాడు. వాడు అరిస్తే బావుండునని కోరుకున్నాను. వాడు చేతిలో ఎర్ర పెన్ను మూత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు, అంతే.

"అమ్మ అడిగిందా?" అంది గువ్వ.

"అడిగింది."

"నువ్వు వినే అన్నావా?"

"వినే అన్నాను."

అది షెడ్డు వెనకున్న ఇంట్లోకి వెళ్ళింది. నేను కాగితం తీసుకుని, ఏ పరీక్షలో ఏం తేలిందో, ఆ గొట్టం ఎవరిచ్చారో, ఏమని ఇచ్చారో వరసగా రాసి సంతకం పెట్టి తమ్ముడి ముందుంచాను. పోలీసులకి వాడే తీసుకెళ్ళాలి. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ఎర్ర పెన్నున్న జేబులోనే పెట్టుకున్నాడు.

గువ్వ సంచీ సర్దుకుని వచ్చింది. వాళ్ళమ్మ నీలం గోళ్ళరంగు సీసా మాత్రం చేతిలోనే ఉంది. తండ్రి దగ్గరికి వెళ్ళి, కిందపడ్డ కర్ర తీసి వాడి చంకకి ఆనించి, "పద నాన్నా" అంది. నేను కోరుకున్నది జరిగింది. వాళ్ళిద్దరూ గుమ్మం దాకా మెల్లగా నడిచారు. అక్కడ అది ఆగింది, నా వైపు తిరగలేదు.

"ఇప్పుడే గుర్తొచ్చిందత్తా. ఆ రోజు మూత మూసే ముందు అమ్మ ఓసారి ఆగింది. గొట్టం మీద అక్షరాలు టార్చి వెలుగులో చదివి, 'ఏమో, ట్యాంకు లోపలికి పనికొస్తుందో లేదో' అంది. ఫోన్ చేసి అడగనా అన్నాను. 'వద్దులే, మీ అత్త చూసే ఇచ్చుంటుంది, ఇంక మనం చూసుకోనక్కర్లేదు' అంది."